కారు రంగుకి మెషిన్ పాలిష్: మెషిన్ పట్టుకునే ముందు తెలుసుకోవలసిన సంగతులు

ఈ బులెటిన్‌లో నేను మామూలుగా స్కాలర్‌షిప్పు ఫారం ఎలా నింపాలి, ఆదాయ ధ్రువపత్రం ఎక్కడ తీసుకోవాలి, బ్యాంకు ఖాతాకి ఆధార్ ఎలా కలపాలి వంటివి రాస్తుంటాను. ఈసారి కారు పాలిష్ గురించి రాస్తున్నాను. కారణం చదివితే మీకే తెలుస్తుంది.

పోయిన వేసవిలో రెన్యువల్ ఫారం కోసం ఒక కుర్రవాడు తల్లిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ప్లస్ త్రీ కామర్సు, రెండో ఏడు. మార్కులు బాగానే ఉన్నాయి. ఫారం చేతికిస్తే తీసుకోలేదు. "అన్నయ్యగారూ, వీడు చదువు మానేస్తానంటున్నాడండీ, మీరైనా చెప్పండి" అంది ఆ తల్లి. సంగతేమిటంటే, సెలవుల్లో హైవే పక్కన ఒక కార్ వాషింగ్ షెడ్డులో పనికి కుదిరాడు. రెండు వారాలు నీళ్ళు కొట్టించి, మూడో వారం చేతికి పాలిష్ మెషిన్ ఇచ్చారు. ఒక నల్లటి కారు బానెట్ అంచు మీద అరచేయంత మేర రంగు కాలిపోయి, లోపలి ప్రైమర్ బయటపడింది. బానెట్ మొత్తం మళ్ళీ పెయింట్ చేయించడానికి ఆరు వేలు అయిందట. అది తీరేవరకు జీతం లేకుండా పనిచేయాలన్నారు. కాలేజీ తెరిచినా వీడు షెడ్డుకే పోతానంటున్నాడు.

"ఏ మెషిన్ ఇచ్చారు బాబూ?" అని అడిగాను. "గుండ్రంగా తిరిగేదండీ తాతగారూ. ఉన్ని ప్యాడ్ వేసి ఇచ్చారు. గట్టిగా నొక్కితే మెరుపు వస్తుందన్నారు. నొక్కాను" అన్నాడు.

వాడిని బయటికి తీసుకెళ్ళి నా కారు చూపించాను. 2004లో బ్యాంకు వాహన ఋణం మీద కొన్న ఎర్ర మారుతి 800 నాది. దాని బానెట్‌కి ఎడమ అంచున వేలెడు పొడుగున తెల్లటి గీత ఉంది. అది నేను చేసిన పని. రిటైరైన కొత్తలో, ఏమీ తెలియకుండా మెషిన్ పట్టినప్పుడు జరిగింది. ముప్పై ఆరేళ్ళు క్యాష్ కౌంటరులో ఒక్క నోటు తేడా రాకుండా లెక్క పెట్టినవాణ్ణి, ఈ లెక్క మాత్రం తప్పాను. కాబట్టి ఇక్కడ రాస్తున్నదంతా పోగొట్టుకుని నేర్చుకున్నదే.

ముందు రంగు సంగతి. ఇప్పటి కార్ల మీద రంగు ఒక్క పొర కాదు. ఇనుప రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పొర, దానిపై ప్రైమర్, దానిపై మన కంటికి కనిపించే రంగు పొర అంటే బేస్ కోట్, అన్నిటికంటే పైన గాజులాంటి రంగులేని పొర. దాన్ని క్లియర్ కోట్ అంటారు. మెరుపంతా ఈ పై పొరదే. ఫ్యాక్టరీలో వేసిన ఈ పొరలన్నీ కలిపినా మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల లోపే ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు. క్లియర్ కోట్ ఒక్కటీ చూస్తే 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే వెంట్రుక మందం కూడా లేదు. మెషిన్ పాలిష్ జరిగేది ఆ వెంట్రుకలో సగం మందం మీద అన్నమాట.

కామర్సు పిల్లలకి నా పద్ధతిలో చెబుతాను. కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున ఖాతాలో నిల్వ 40 అనుకోండి. తేలికపాటి పాలిష్ ఒకటి రెండు మైక్రాన్లు తీస్తుంది. గట్టి కంపౌండుతో ఉన్ని ప్యాడ్ వేసి రుద్దితే అంతకు ఎన్నో రెట్లు పోతుంది. ఈ ఖాతాలో విత్‌డ్రాయల్ తప్ప డిపాజిట్ లేదు. పైగా నిల్వ మొత్తం వాడుకోవడానికి కూడా లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపే మందు క్లియర్ కోట్‌లో కలిపి ఉంటుంది. పొర మరీ పలచబడితే పాలిష్ రోజున కారు ధగధగలాడుతుంది గాని, కొన్నేళ్ళకు పైపొర తెల్లబారి, పొట్టులా లేచిపోతుంది. రోడ్డు మీద టాపు మీద పొట్టు రాలుతున్న కార్లు మీరూ చూసే ఉంటారు.

నా పాత మారుతి లాంటి బండ్ల సంగతి వేరు. దాని ఎరుపుకి పైన క్లియర్ కోట్ లేదు, ఒకే రకం రంగు. ఎండకి పైభాగం పొడిలా మారి గులాబీ రంగుకి తిరుగుతుంది. దాన్ని పాలిష్ చేస్తే గుడ్డకి ఎర్రరంగు అంటుతుంది. మొదటిసారి అది చూసి భయపడ్డాను. ఒకే పొర రంగుకి అది సహజమే. క్లియర్ కోట్ ఉన్న కారులో ప్యాడ్‌కి కారు రంగు అంటిందంటే మాత్రం పైపొర దాటిపోయామని అర్థం. అక్కడితో మెషిన్ ఆపేయాలి.

ఇక గీతలు ఎందుకు పడతాయి? మన బరంపురంలో చాలామంది తెల్లవారగానే ఒక పాత లుంగీ ముక్కో, బనియనో తీసుకుని పొడి కారుని తుడిచేస్తారు. నేనూ అలాగే చేసేవాణ్ణి. కారు మీద ఉన్నది వట్టి దుమ్ము కాదు. గోపాలపూర్ సముద్రం మనకు పదహారు కిలోమీటర్లే. ఛత్రపురం దగ్గర ఇసుకలోంచి ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్, గార్నెట్ వంటి ఖనిజాలు తీసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐ.ఆర్.ఇ.ఎల్. ఉందని మీకు తెలుసు. అందులో ఇల్మనైట్ నుంచి టైటానియం డయాక్సైడ్ తయారవుతుంది. పెయింట్లకు తెల్లదనం ఇచ్చేది అదే. గార్నెట్టేమో సాండ్ పేపర్లకీ, ఇసుక ఊది తుప్పు వదిలించే పనికీ వాడతారు. ఒకే తీరపు ఇసుకలో రంగు వేసే ఖనిజమూ ఉంది, రంగు గీకే ఖనిజమూ ఉంది. అటువంటి ఇసుక రేణువులు కారు మీద ఉండగా పొడిగుడ్డతో రుద్దడమంటే మనమే సాండ్ పేపర్ పట్టడం. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు గంటకు 200 కిలోమీటర్లు మించిన గాలిలో ఇసుక, ఆకులు, కొమ్మలు నా కారుని కొట్టాయి. మర్నాడు నేను చేసిన మొదటి పని పొడిగుడ్డ తీసుకుని తుడవడం! తుఫాను పెట్టిన గీతలకంటే నేను పెట్టినవే ఎక్కువని ఇప్పుడు అనుకుంటాను.

ఈ సన్నగీతలు ఎండలో దీపం చుట్టూ సాలెగూడులా గుండ్రంగా కనిపిస్తాయి. నిజానికి అవి గుండ్రంగా ఉండవు, అన్ని వైపులకీ ఉంటాయి. వెలుగుకి అడ్డంగా ఉన్న గీతలు మాత్రమే మన కంటికి మెరుస్తాయి గనుక గూడులా తోస్తుంది. రోజూ పీచుతో తోమిన స్టీలు కంచాన్ని బల్బు కింద పట్టి చూడండి, అదే గూడు కనిపిస్తుంది. కంచం తిప్పినా గూడు బల్బు దగ్గరే ఉంటుంది.

పాలిష్ ఈ గీతల్ని పూడుస్తుందని చాలామంది అనుకుంటారు. పూడ్చదు. గీత చుట్టూ ఉన్న పొరని గీత అడుగు దాకా అరగదీసి సమం చేస్తుంది. అందుకే లోతు గీతల జోలికి పోకూడదు. గోరుతో అడ్డంగా గీసి చూడండి. గోరు తట్టుకుంటే ఆ గీత మెషిన్‌తో పోయేది కాదు, పోయేదాకా రుద్దితే రంగే పోతుంది. దాన్ని టచప్ చేయించుకోవాలి, లేదా అలాగే వదిలేయాలి. వదిలేయడమే మేలని నా అభిప్రాయం.

ఇప్పుడు మెషిన్ల మాట. రెండు రకాలు. ఒకటి రోటరీ, ఇరుసు మీద నేరుగా గిర్రున తిరిగేది. రెండోది డ్యుయల్ యాక్షన్, దాన్నే డి.ఎ. పాలిషర్ అంటారు. ఇది తిరుగుతూనే ఇరుసుకి కాస్త పక్కగా ఊగుతుంది. రోటరీ ఎంత ప్రమాదమో ఒక లెక్క వేసి చూపిస్తాను. 7 అంగుళాల ప్యాడ్ చుట్టుకొలత సుమారు 56 సెంటీమీటర్లు. నిమిషానికి 2000 సార్లు తిరిగితే దాని అంచు నిమిషానికి 1,100 మీటర్లకు పైగా, అంటే గంటకు సుమారు 67 కిలోమీటర్ల వేగంతో రంగు మీద పోతోందన్నమాట. ఒకేచోట రెండు క్షణాలు ఎక్కువ ఆగితే అక్కడ వేడి పుడుతుంది. డి.ఎ. రకంలో గట్టిగా నొక్కితే ప్యాడ్ తిరగడం ఆగి ఊగడం ఒక్కటే మిగులుతుంది కాబట్టి కాలిపోయే ప్రమాదం చాలా తక్కువ. పని నిదానం. కొత్తవాళ్ళు దీనితోనే మొదలుపెట్టాలి. నాలుగంగుళాల గ్రైండర్‌కి ప్యాడ్ తగిలించి పాలిష్ చేసేవాళ్ళని నేను చూశాను. అది నిమిషానికి పదివేల సార్లకు పైగా తిరిగే యంత్రం, ఇనుము కోయడానికి పనికొస్తుంది. దయచేసి ఆ పని చేయకండి.

ఆ కుర్రవాడి బానెట్ అంచు ఎందుకు కాలింది? మూడు కారణాలు కలిశాయి. రంగు తడిగా ఉన్నప్పుడు అంచుల దగ్గర వెనక్కి లాగుకుంటుంది కాబట్టి అక్కడ పొర పలచన. చదునైన చోట ప్యాడంతా పంచుకునే బరువు అంచు మీద ఒక్క గీత మీదే పడుతుంది. మూడోది రోటరీ మీద ఉన్ని ప్యాడ్. వీటికి తోడు గట్టిగా నొక్కమన్నారు. వాడి తప్పేమైనా ఉంటే అడగకపోవడం, అంతే. ప్లాస్టిక్ బంపర్లు ఇంకా సున్నితం. ఇనుప రేకు వేడిని చుట్టూ పంచేస్తుంది, ప్లాస్టిక్ పంచదు, వేడి అక్కడే నిలిచిపోతుంది.

పనిలోకి వద్దాం. నీడ ఉండాలి, రేకు చేత్తో తాకితే చల్లగా ఉండాలి. మన వేసవిలో అయితే ఉదయం తొమ్మిదిలోపే. మొదట నీళ్ళు ధారగా కొట్టి ఇసుక వదిలించాలి. తర్వాత రెండు బకెట్లు పెట్టుకోవాలి, ఒకదాంట్లో కార్ షాంపూ నీళ్ళు, రెండోదాంట్లో ఉత్త నీళ్ళు. గుడ్డని ప్రతిసారీ ఉత్త నీళ్ళలో జాడించి, అప్పుడే షాంపూలో ముంచాలి. పైనుంచి కిందికి కడగాలి, ఎందుకంటే మట్టంతా కింద ఉంటుంది. మా ఇంటి బోరు నీళ్ళు ఆరితే తెల్ల మచ్చలు కడతాయి, మీ ఇంట్లోనూ అలాగే అయితే ఆరనివ్వకుండా మైక్రోఫైబర్ గుడ్డతో అద్దండి. రుద్దకండి, అద్దండి.

కడిగాక చేతికి పల్చటి ప్లాస్టిక్ సంచి తొడిగి రంగు మీద నెమ్మదిగా రాయండి. గరగరలాడితే ఇంకా ఏవో రేణువులు అతుక్కుని ఉన్నాయని అర్థం. ఉత్త చేతికి తెలియని గరుకు సంచి తొడిగితే తెలుస్తుంది. వాటికి క్లే బార్ అని మైదాముద్దలాంటిది దొరుకుతుంది. షాంపూ నీళ్ళు బాగా చల్లి, దాన్ని ఒత్తకుండా జరపాలి. కింద పడితే పారేయాలి. ఖరీదైందని దులిపి మళ్ళీ వాడితే కొత్త గీతలు పెట్టుకున్నట్టే. నేను పెట్టుకున్నాను.

తర్వాత అంచులు, గట్లు, రబ్బరు బీడింగులు, లోగోలకి మాస్కింగ్ టేపు అంటించాలి. ఈ ఒక్క పని ఆ కుర్రవాడికి ఎవరైనా చెప్పి ఉంటే ఆరు వేలు మిగిలేవి. టేపు చుట్ట యాభై రూపాయలు కూడా ఉండదు.

మెత్తటి ఫోమ్ ప్యాడ్, అన్నిటికంటే తేలికైన పాలిష్ తీసుకోండి. బానెట్ మధ్యలో అడుగున్నర చదరం మాత్రం ఎంచుకుని అక్కడ చేసి చూడండి. ప్యాడ్ మీద శనగగింజంత చుక్కలు నాలుగు చాలు. మెషిన్ ఆపి ఉండగానే ప్యాడ్‌ని రంగు మీద ఆనించి, అప్పుడు స్విచ్ వేయాలి. గాలిలో వేస్తే పాలిష్ గోడలకి, మీ ముఖానికి చిమ్ముతుంది. మొదట తక్కువ వేగంలో పరిచి, తర్వాత డయల్ 4 లేదా 5కి పెంచాలి. చేయి క్షణానికి అంగుళం చొప్పున జరగాలి. మాకు కొత్తలో ఇదే కష్టం, ఇల్లు తుడిచినట్టు గబగబా తోసేస్తాం. ఒక వరస మీద సగం పడేలా రెండో వరస, నిలువుగా అయ్యాక అడ్డంగా, అలా నాలుగైదు సార్లు. మెషిన్ బరువుకి మీ చేతి బరువు కాస్త చాలు. వైరు భుజం మీద నుంచి వెనక్కి వేసుకోవాలి, కారుకి రాసుకోకూడదు.

తుడిచి చూస్తే అద్దంలా ఉంటుంది. అప్పుడే సంబరపడకండి. పాలిష్‌లోని నూనె గీతల్లో నిండి కొన్ని రోజులు వాటిని దాస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నీళ్ళు కలిపి ఆ ముక్కని తుడిచి, మొబైల్ టార్చి పక్కనుంచి పట్టి చూడండి. అప్పుడు కనిపించేదే అసలు నిల్వ. గీతలు చాలావరకు పోతే అదే పద్ధతి కారంతటికీ. పోకపోతేనే కొంచెం గట్టి పాలిష్‌కి మారాలి. మొదటే గట్టి కంపౌండుతో మొదలుపెట్టడం షెడ్డుల్లో తొందరపాటు వల్ల జరుగుతుంది, పది కార్లు సాయంత్రానికి అవగొట్టాలి కదా. మిగిలిన ఒకటి రెండు గీతలు ఉండనివ్వండి. పది గీతల్లో ఎనిమిది పోయిన కారు రోడ్డు మీద కొత్తదానిలాగే కనిపిస్తుంది.

అయ్యాక వాక్సో, సీలెంటో తప్పకుండా పూయాలి. మెరుపు పాలిష్‌ది, కాపుదల వాక్స్‌ది. ఈ మధ్య సెరామిక్ కోటింగు మాట ఎక్కువగా వినిపిస్తోంది. అది మురికి అంటకుండా బాగానే కాపాడుతుంది గాని, రాయి తగిలినా గీత పడదని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

కరెంటు విషయంలో తల్లిదండ్రులు ఒక కన్ను వేయాలి. తడి నేల మీద, వట్టికాళ్ళతో, మూతలేని జాయింటు వైరుతో మెషిన్ వాడనివ్వకండి. రబ్బరు చెప్పులు, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్, ఇంటి బోర్డులో 30 మిల్లీయాంపుల ఆర్.సి.సి.బి. ఉంటే మంచిది. కళ్ళద్దాలు, ముక్కుకి మాస్కు కూడా.

ఇది బతుకుతెరువుగా పనికొస్తుందా అని కొందరు తల్లులు అడిగారు. పనికొస్తుంది, నేర్చుకుని చేస్తే. ఐ.టి.ఐ. ట్రేడుల్లో మెకానిక్ ఆటో బాడీ పెయింటింగ్ అని ఏడాది కోర్సు ఉంది. వరల్డ్ స్కిల్స్ అంతర్జాతీయ పోటీల్లో కార్ పెయింటింగ్ ఒక విభాగం. ఎవరి దగ్గర సీట్లు ఉన్నాయో ప్రవేశాల సమయంలో అడిగి తెలుసుకోండి. సొంతంగా పెట్టుకోవాలంటే 2015 ఏప్రిల్‌లో మొదలైన ప్రధానమంత్రి ముద్రా యోజనలో శిశు విభాగం కింద 50,000 రూపాయల దాకా హామీ లేకుండా ఋణం ఇస్తారు. అయితే బ్యాంకులో పనిచేసినవాడిగా చెబుతున్నాను, పది కార్లు సొంత చేత్తో చేయకముందు ఋణం తీసుకోకండి. ఒక డి.ఎ. మెషిన్, నాలుగు ప్యాడ్లు, గుడ్డలు నలుగురు కలిసి కొనుక్కున్నా నడుస్తుంది.

ఆ కుర్రవాడి సంగతి. ఒక సాయంత్రం వాడితో కలిసి షెడ్డుకి వెళ్ళి యజమానితో కూర్చున్నాను. నేను దెబ్బలాడలేదు. నేర్పకుండా మెషిన్ ఇవ్వడంలో మీ వంతు ఎంత, అడగకుండా పట్టడంలో వీడి వంతు ఎంత అని కాగితం మీద రాసి అడిగాను. మెత్తబడ్డాడు. మూడు వేలు ఆయన భరించేట్టు, మిగతా మూడు వేలకి వీడు ఆదివారాలు మాత్రం పనిచేసి తీర్చేట్టు ఒప్పుకున్నాడు. ఆగస్టుకి తీరిపోయింది. ఫారం గడువుకి రెండు రోజుల ముందు నా చేతికి వచ్చింది, ఒక్క కొట్టివేత లేకుండా నింపాడు.

పాత ఇనుప సామాన్ల కొట్లో ఒక పాడైన బానెట్ తూకానికి కొని మా పెరట్లో పెట్టాను. దాని మీద ఎంత కాల్చినా ఎవరికీ బాకీ పడక్కర్లేదు. ఆదివారం ఉదయం ఏడు నుంచి తొమ్మిది వరకు మన ట్రస్టు పిల్లలు ఎవరైనా రావచ్చు. రబ్బరు చెప్పులు వేసుకుని రండి, ఉంగరాలు, గడియారం ఇంట్లో పెట్టి రండి. మెషిన్ నా దగ్గర ఉంది. గుడ్డలు మాత్రం ఎవరివి వారు తెచ్చుకోవాలి.